బెంగళూరులో సగానికి పైగా ఉద్యమకారులే అన్న సర్వే: ఒక కేస్ స్టడీ

సర్వే రిపోర్టు చేతికి రాగానే మామూలుగా అందరూ అడిగేది "శాంపిల్ ఎంత?" అని. దానికి జవాబు కవర్ పేజీ మీదే ఉంటుంది, అంకె పెద్దదైతే ఇంకా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నేను మాత్రం ముందు ప్రశ్నావళి అడుగుతాను. అది ఇవ్వడానికి "చూసి పంపిస్తాం సార్" అని నాన్చారంటే నాకు అక్కడే సగం సంగతి తెలిసిపోతుంది.

ఈ కేసు బెంగళూరుది. కంపెనీలు సమాజ సేవకి ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బుతో నడిచే ఒక ట్రస్టు, పౌర భాగస్వామ్యం మీద కొత్త ప్రోగ్రాం మొదలుపెట్టే ముందు ఒక ఏజెన్సీ చేత నగరమంతా సర్వే చేయించింది. గడిచిన ఐదేళ్లలో నగరవాసుల్లో సగానికి బాగా పైనే ఏదో ఒక సామాజిక ఉద్యమంలో పాల్గొన్నారని రిపోర్టు మొదటి పేజీలోనే ఉంది. అసలు శాతాలు క్లయింటు సొత్తు కాబట్టి ఇక్కడ రాయడం లేదు, ట్రస్టు పేరు, ఏజెన్సీ పేరు కూడా చెప్పను. కేసు అర్థం కావడానికి అవి అక్కర్లేదు.

ట్రస్టులో ఈ ప్రోగ్రాం చూసే మేడమ్‌ది మదనపల్లె. ఆ అంకె చూసి అందరూ సంతోషపడుతుంటే ఆవిడకి మాత్రం అనుమానం వచ్చింది. నాకు ఫోన్ చేసి ఒకటే అడిగారు. "ఇంతమంది రోడ్డెక్కే ఊరైతే మా వార్డు మీటింగుకి పట్టుమని పదిమంది రారెందుకండీ?"

మంచి ప్రశ్న. మళ్లీ సర్వే చేయడానికి డబ్బు లేదు, బోర్డు మీటింగు దగ్గర పడింది. చేతిలో ఉన్న డేటా చూసి, ఆ అంకెని బోర్డు ముందు పెట్టొచ్చో లేదో చెప్పమన్నారు. పని అంతే.

ప్రశ్నావళి వచ్చింది (రెండు సార్లు గుర్తు చేయించాక). అసలు ప్రశ్న ఒకటే. గత ఐదేళ్లలో కింది వాటిలో మీరు ఏవి చేశారు, ఎన్నైనా టిక్ పెట్టొచ్చు. కింద పొడుగాటి జాబితా. సామాజిక సమస్య మీద పోస్టు షేర్ చేయడం, ప్రొఫైల్ ఫొటో మార్చడం, ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం, మిస్డ్ కాల్ ఇవ్వడం, ఏదైనా మంచి పని కోసం పరుగులో పాల్గొనడం, విరాళం, చెరువు దగ్గరో వీధిలోనో శుభ్రం చేయడం, అపార్ట్‌మెంట్ సంఘం మీటింగుకి వెళ్లడం, కొవ్వొత్తుల ర్యాలీ, ధర్నా. ఆఖరున ఇంకొకటి, "అవకాశం వస్తే తప్పకుండా పాల్గొంటాను".

వీటిలో ఏ ఒక్కదానికి టిక్ పడినా ఆ మనిషి ఉద్యమంలో పాల్గొన్నట్టే లెక్క. మా సర్వే వాళ్ల భాషలో దీన్ని నెట్ అంటారు. నెట్ తీయడం తప్పేం కాదు, మార్కెట్ రీసెర్చ్‌లో రోజూ తీస్తాం, ఏదో ఒక సబ్బు వాడేవాళ్లు ఎంతమంది అని తేల్చడానికి అదే దారి. కానీ దానికో గుణం ఉంది, జాబితా పెంచే కొద్దీ అంకె పెరుగుతుందే గానీ తగ్గదు. పది పనులున్నాయనుకోండి, ఒక్కో పనీ నూటికి పదిమంది చేశారనుకోండి. ఆ పదిమందే అన్నీ చేసి ఉంటే నెట్ పది. ఒక్కో పని వేరే వేరే పదిమంది చేసి ఉంటే నెట్ వంద. విడి అంకెలు రెండు చోట్లా ఒకటే, నెట్ మాత్రం పది నుంచి వంద దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే నెట్ ఒక్కటే చూపించి, విడి అంకెల్ని అనుబంధంలో కూడా వేయని రిపోర్టు కనిపిస్తే నేను ముందు ఆ విడి అంకెలే అడుగుతాను.

ఆఖరి ఐటెం సంగతి మరీ విచిత్రం. అవకాశం వస్తే పాల్గొంటానన్నవాడు ఇంతవరకూ పాల్గొనలేదనే కదా అర్థం! వాళ్లనీ నెట్‌లో కలిపేశారు. ప్రపంచ దేశాల్లో దశాబ్దాలుగా జరుగుతున్న వరల్డ్ వాల్యూస్ సర్వే కూడా ఇలాంటివే అడుగుతుంది, పిటిషన్ మీద సంతకం, బహిష్కరణ, శాంతియుత ప్రదర్శన, సమ్మె. కానీ ఒక్కోదానికీ మూడు జవాబులు విడిగా ఉంటాయి. చేశాను, చేయొచ్చేమో, ఎప్పటికీ చేయను. మొదటి రెండింటినీ కలిపి "సుముఖంగా ఉన్నవాళ్లు" అని ఎవరైనా రాస్తే రాసుకోవచ్చు, "పాల్గొన్నవాళ్లు" అని రాస్తే మాత్రం అబద్ధమే. మా కేసులో రా డేటా తెప్పించుకుని ఆ ఒక్క ఐటెం తీసి మళ్లీ లెక్క కడితే హెడ్‌లైన్ అంకె ఒక్కసారిగా కూలబడింది. తర్వాత పోస్టు షేర్, ప్రొఫైల్ ఫొటో, మిస్డ్ కాల్ తీసేశాను, ఇంకా దిగింది. ఎక్కడ ఆగాలి అన్నది గణితం చెప్పదు. ఆ అంకెతో ఏ నిర్ణయం తీసుకోబోతున్నారో దాన్ని బట్టి తేలాలి. ట్రస్టు డబ్బు పెట్టబోయేది సాయంత్రం పూట వార్డు మీటింగులకి మనుషుల్ని రప్పించే పని మీద. ప్రొఫైల్ ఫొటో మార్చినవాళ్ల లెక్క దానికి ఎందుకు పనికొస్తుంది?

ఐదేళ్లు అన్న గడువు ఇంకో తలనొప్పి. మనిషికి పెద్ద సంఘటన గుర్తుంటుంది, ఏ సంవత్సరమో గుర్తుండదు, దాన్ని దగ్గరికి లాక్కుని చెబుతాడు. సర్వే పుస్తకాల్లో టెలిస్కోపింగ్ అనే ఈ సంగతి మా డేటాలో కళ్లకి కట్టినట్టు దొరికింది. ఏజెన్సీ ఒక మంచి పని చేసింది, "ఏ ఉద్యమం?" అని ఒక ఖాళీ గడి పెట్టింది. పెట్టి వదిలేసింది, ఎవరూ చదవలేదు. నేను కూర్చుని చదివాను. స్టీల్ ఫ్లైఓవర్ అని రాసినవాళ్లు కనిపించారు. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 1,791 కోట్లతో కడతామన్న ఆ ఫ్లైఓవర్‌కి వ్యతిరేకంగా జనం చేతులు పట్టుకుని నిలబడింది 2016 అక్టోబరు 16న, ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది 2017 మార్చిలో. ఐదేళ్ల లెక్కలోకి అది ఏ రకంగానూ రాదు. అన్నా హజారే అని రాసినవాళ్లు కూడా ఉన్నారు, అంటే 2011! వాళ్లు అబద్ధం చెప్పారని నేననను. నిజంగానే వెళ్లి ఉంటారు, అప్పట్లో నిరసనలు జరిగే ఫ్రీడం పార్కు కిటకిటలాడింది కూడా. కాకపోతే వాళ్ల యవ్వనం తాలూకు జ్ఞాపకాన్ని ఈ సర్వే ఇప్పటి లెక్కలో వేసేసుకుంది.

ఇక ఎవరిని అడిగారన్న విషయం. శాంపిల్‌లో కొంత భాగం ఇంటింటికీ తిరిగి చేసింది, మిగతాది వాట్సాప్‌లో తిప్పిన లింకు. లింకు మొదట ట్రస్టు వాలంటీర్ల గ్రూపుల్లో పడింది, అక్కణ్నుంచి అపార్ట్‌మెంట్ సంఘాల గ్రూపులకీ, చెరువుల గ్రూపులకీ వెళ్లింది. సామాజిక కార్యక్రమాల గురించి సర్వే అని పైన రాసి ఉంటే దాన్ని తెరిచేది ఎవరు? ఆ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లే. మిగతావాళ్లు గుడ్ మార్నింగ్ బొమ్మతో పాటు దాన్నీ పైకి తోసేస్తారు. ఈ రెండు భాగాల్నీ కలిపేసి, కింద "ప్లస్ ఆర్ మైనస్" అని పొరపాటు హద్దు కూడా వేశారు. వెయ్యి మంది శాంపిల్‌కి దాదాపు మూడు శాతం అటూ ఇటూ అని మనం చెప్పుకునే లెక్క, ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలిసినప్పుడు వర్తిస్తుంది. ఫార్వర్డ్ చేసిన లింకుకి ఆ హద్దు లేదు, దాని పక్కన ఆ అంకె వేయడం ఉత్త అలంకారం.

ఇది బెంగళూరుకే పరిమితమైన రోగం కాదు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2012లో తన ఫోన్ సర్వేలనే తాను పరీక్ష పెట్టుకుంది. ఫోన్ చేసిన ఇళ్లలో జవాబిచ్చినవి 9 శాతమే. వాళ్ల వయసు, ఇల్లు, ఉద్యోగం లాంటి వివరాలు ప్రభుత్వ సర్వేలతో చాలావరకు సరిపోయాయి. తేడా కొట్టింది ఒక్కచోటే, సేవా కార్యక్రమాలూ పౌర వ్యవహారాలూ. వాలంటీర్ పని చేశామన్నవాళ్లు ఫోన్ సర్వేలో సగం దాటితే, ప్రభుత్వ సర్వేలో పావు వంతు దగ్గరే ఉన్నారు. ఎందుకంటే ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేసి పావుగంట మాట్లాడమంటే ఒప్పుకునే మనిషి, వీధి శుభ్రం చేద్దాం రమ్మన్నా వచ్చే రకమే. సర్వేకి జవాబివ్వడం కూడా ఒక పౌర భాగస్వామ్యమే కదా, దాన్ని కొలవడానికి సర్వేనే వాడితే కొలబద్దే ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. వయసు, ఆడామగా చూసి వెయిటింగ్ ఇస్తే, అంటే శాంపిల్‌లో తక్కువ పడ్డవాళ్ల జవాబుల్ని లెక్కలో ఎక్కువ చేసి చూస్తే, ఈ ఒరుగు పోదు. అదే వయసులో, అదే వీధిలో సర్వేకి "టైం లేదు" అన్నవాళ్లు వేరే రకం మనుషులు.

ఇంటింటి సర్వే దీనికంటే మెరుగే. కానీ దాని లోపాలు దానికున్నాయి. ట్యాబ్‌లలో చేసిన ఇంటర్వ్యూ కాబట్టి ప్రతి ఒక్కటీ ఏ టైంలో జరిగిందో అందులో నమోదవుతుంది, వాటిని వరసగా పేర్చి చూస్తే దాదాపు అన్నీ పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదు లోపే. ఆ వేళల్లో ఇంట్లో ఎవరుంటారు? రిటైర్ అయినవాళ్లు, గృహిణులు, కాలేజీ పిల్లలు, ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు. గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్లిన ఆడవాళ్లు ఉండరు, పొద్దున డ్యూటీ మీదున్న పౌరకార్మికులు, అంటే వీధులూడ్చేవాళ్లు, ఉండరు, ఆటో తోలేవాడు ఉండడు. గేటెడ్ అపార్ట్‌మెంట్లలోకి సెక్యూరిటీ వాళ్లు పోనివ్వలేదని పక్క వీధి ఇళ్లు తీసుకున్నారు. తీసుకున్నందుకు నేనేమీ అనను, ఫీల్డ్‌లో ఎండకి తిరిగే పిల్లల కష్టం నాకు తెలుసు, ఒక్కో ఫారానికి ఇంత అని లెక్క కట్టి ఇస్తే వాళ్లు తలుపు తెరిచిన ఇంటికే వెళతారు. ఆ మార్పుల్ని ఎక్కడా నమోదు చేయకపోవడమే తప్పు.

ప్రశ్నావళి కన్నడలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. 2011 లెక్కల ప్రకారమే నగరంలో ఎనిమిదిమందిలో ఒకరికి పైగా తెలుగువాళ్లు, తమిళులూ ఉర్దూ మాట్లాడేవాళ్లూ అంతే బలంగా ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఇన్వెస్టిగేటర్ తనకి వచ్చిన భాషలో తనకి తోచినట్టు అడిగాడు. ఎలా అడిగాడో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

ఇలాంటి డేటా నమ్మాలో వద్దో తేల్చడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. నిజం బయట నుంచి తెలిసిన ప్రశ్న ఒకటి అదే సర్వేలో ఉందేమో వెతకడం. ఉంది, "2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటేశారా?". బెంగళూరు నార్త్, సెంట్రల్, సౌత్ మూడు నియోజకవర్గాల్లోనూ ఆ ఏడాది పోలింగ్ 53 నుంచి 55 శాతం మధ్యే. సర్వేలో ఓటేశామన్నవాళ్లు దానికంటే చాలా ఎక్కువ. ఓటు విషయంలోనే ఇంత పెంచి చెప్పేవాళ్లు ఉద్యమాల విషయంలో ఉన్నదున్నట్టు చెబుతారా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఈ చిట్కాని కూడా గుడ్డిగా వాడకూడదు. పోలింగ్ శాతం లెక్క కట్టేది ఓటర్ల జాబితా మీద, అందులో ఊరు మారిపోయినవాళ్లూ పోయినవాళ్లూ ఇంకా ఉంటారు. పైగా మనవాళ్ల సంగతి వేరే. బెంగళూరులో ఉంటూ ఓటు హిందూపురంలోనో, పలమనేరులోనో, కదిరిలోనో పెట్టుకున్న తెలుగువాళ్లు ఎంతమందో! ఇక్కడ ఏప్రిల్ 26న పోలింగ్ అయిపోయింది, మే 13న ఆంధ్రలో జరిగింది, ఆ వారం ఊరెళ్లడానికి బస్సుల్లో సీటు దొరకడమే గగనమైంది. ఆంధ్రలో పోలింగ్ 81 శాతం దాటింది. అలాంటివాడు "ఓటేశాను" అంటే అది నిజమే, బెంగళూరు లెక్కలోకి రాదంతే. అందుకే నేను నోట్‌లో ఈ తేడా మొత్తం జనం పెంచి చెప్పడం వల్లే వచ్చిందని రాయలేదు, కొంత మాత్రం అదేనని రాశాను.

ఇంకో పరీక్ష మరీ మోటుది, నేల లెక్క. రిపోర్టులో శాతాన్ని నగర జనాభాతో గుణించి "ఇన్ని లక్షల మంది" అని కూడా వేశారు. ఏ జనాభాతో? 2011 సెన్సస్‌లో నగరం 84 లక్షలు, ఆ తర్వాత సెన్సస్ సమయానికి జరగలేదు, కాబట్టి ఎవరి అంచనా వాళ్లది. సరే, 84 లక్షలే అనుకుందాం. అందులో నూటికి పదిమంది ఒంటితో వచ్చి ధర్నాలో నిలబడ్డారన్నా 8 లక్షల 40 వేలు. జనసమూహాల్ని అంచనా వేసేవాళ్లు 1960ల నుంచి వాడే పద్ధతి ప్రకారం, వదులుగా నిలబడితే మనిషికి పది చదరపు అడుగులు, అంటే ఎకరానికి దాదాపు 4,350 మంది. 8 లక్షల 40 వేల మందికి 190 ఎకరాలకి పైనే కావాలి. లాల్‌బాగ్ మొత్తం 240 ఎకరాలు. పోనీ ఐదేళ్లలో విడివిడిగా వచ్చారనుకుందాం, అప్పుడు ప్రతిసారీ కొత్త మొహాలే రావాలి. ఈ నగరంలో ఏ ధర్నాకి వెళ్లినా కనిపించే మొహాలు ఎవరివో వెళ్లేవాళ్లకి బాగా తెలుసు. దానికి తోడు 2021 నాటి ఉత్తర్వు తర్వాత బెంగళూరులో నిరసన అంటే ఫ్రీడం పార్కులోనే చేసుకోవాలి, రోడ్డు మీద ఊరేగింపుకి తావు లేదు. జాగా అంత, కాలం అంత, అంకె మాత్రం లక్షల్లో.

ఇంతవరకూ చదివితే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించిందని, కోసేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. మేడమ్ కూడా అలాగే అనుకున్నారు. అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది.

బ్యాక్‌చెక్ అని మాకొక పని ఉంటుంది. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లలో కొంతమందికి మళ్లీ ఫోన్ చేసి, నిజంగా అడిగారా, ఏం చెప్పారు అని సరిచూసుకోవడం. నంబరు ఇచ్చి, మళ్లీ ఫోన్ చేయొచ్చని ఒప్పుకున్నవాళ్లకే చేస్తాం. నేను కావాలనే "ఏదీ చేయలేదు" అని నమోదైనవాళ్లని ఎక్కువ తీసుకున్నాను. మామూలుగా ఎవరూ అలా చేయరు, అవును అన్నవాళ్లనే సరిచూస్తారు. వాళ్లలో పౌరకార్మికుల కాలనీ నుంచి ఒకావిడ, తెలుగావిడ, వీక్లీ ఆఫ్ రోజు ఇంట్లో దొరికింది కాబట్టి శాంపిల్‌లో పడింది. బెంగళూరు వీధులూడ్చేవాళ్లలో చాలామంది అనంతపురం, చిత్తూరు వైపు నుంచి తరాల కిందట వచ్చిన దళిత కుటుంబాల వాళ్లే, ఇళ్లలో ఇప్పటికీ తెలుగే.

"సర్వే వాళ్లు వచ్చినారా అక్కా మీ ఇంటికి?"

"వచ్చినారు సార్. ఫోన్లో నొక్కుకుంటా ఏందేందో అడిగిరి."

"ఉద్యమాలు, పోరాటాలు అట్లాంటివాటికి పోలేదని చెప్పినారంట?"

"మాకెందుకు సార్ అవన్నీ? పొద్దున ఆరున్నరకంతా మస్టర్ కాడ ఉండల్ల. లేకుంటే ఆ దినం కూలి పాయె."

ఇక్కడితో ఫోన్ పెట్టేస్తే బ్యాక్‌చెక్ పాస్. నేను ఇంకొకటి అడిగాను, పర్మనెంటు చేయమని జరిగిన స్ట్రైకుకి పోయినారా అని.

"పోకేం సార్! ఫ్రీడం పార్కులో కూర్చుంటిమి కదా అందరమూ. ఊరంతా చెత్త నిలిచిపోయె. సీఎం రాసిచ్చిందాక లేయలా మేము."

2022 జులై 1న మొదలైన సమ్మె అది. కాంట్రాక్టు మీదా, కార్పొరేషన్ నుంచి నేరుగా జీతం తీసుకునే పద్ధతి మీదా ఉన్న పౌరకార్మికులు తమని పర్మనెంటు చేయమని పనులాపి కూర్చున్నారు, నాలుగో రోజుకి అప్పటి ముఖ్యమంత్రి బొమ్మై నుంచి రాతపూర్వక హామీ వచ్చింది. 2025 మేడే నాడు 12 వేల మందికి పైగా పౌరకార్మికులకి నియామక పత్రాలు ఇచ్చారు. ఈ ఐదేళ్లలో బెంగళూరులో ఫలితం సాధించిన పెద్ద పోరాటాలు నాలుగు చెప్పమంటే నేను అందులో దీన్ని కచ్చితంగా చెబుతాను. మన సర్వేలో ఆ సమ్మె చేసిన మనిషి సున్నా. ఎందుకంటే జాబితాలో సమ్మె లేదు, బంద్ లేదు, యూనియన్ లేదు. పరుగు పందెం ఉంది.

ఆవిడకి ఇది అన్యాయంగా కూడా అనిపించలేదు, "అది మా కడుపు కోసం సార్" అనేసింది. ఆ తర్వాత అదే రకం ఇళ్లకి, గార్మెంట్ పనివాళ్లు ఎక్కువగా ఉండే వీధుల్లో "ఏదీ లేదు" అన్నవాళ్లకి ఫోన్లు చేస్తూ పోతే ఇలాంటివి ఇంకా దొరికాయి. నీళ్ల ట్యాంకరు రాలేదని బిందెలతో రోడ్డు మీద కూర్చున్నవాళ్లు, జీతం ఆపిన ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డవాళ్లు. ఎన్ని అన్న శాతం నేను చెప్పను, చెప్పకూడదు కూడా. ఏరి తీసుకున్న నంబర్లు అవి, వాటి మీద శాతం వేస్తే ఏజెన్సీ చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది.

గార్మెంట్ వాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్లు నిండే దాకా తీసుకోవడానికి లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో బెంగళూరు గార్మెంట్ కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్లే, ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చి హోసూరు రోడ్డు, మైసూరు రోడ్డు స్తంభింపజేశారు. ఏ యూనియనూ పిలుపివ్వలేదు. బస్సులు తగలబడ్డాయి, లాఠీలు లేచాయి. రెండో రోజు సాయంత్రానికి అప్పటి కార్మిక మంత్రి, మన బండారు దత్తాత్రేయ, ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. దేశమంతా పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ, ఐటీ కంపెనీల్లో వాళ్లతో సహా, దాని లాభం దక్కింది. ఆ ఏడాది ఇదే జాబితాతో సర్వే చేసి ఉంటే బొమ్మనహళ్లి గార్మెంట్ వీధులు పౌర చైతన్యం తక్కువున్న ప్రాంతంగా మ్యాపులో లేత రంగులో తేలి ఉండేవి.

కాబట్టి మా కేసులో అంకె ఒకేసారి రెండు పక్కలా తప్పింది. ఒక చివర టిక్ పెట్టడానికి ఏ శ్రమా అక్కర్లేని పనులు చేర్చి పెంచింది, ఇంకో చివర పనీ కూలీ వదులుకుని చేసిన పనుల్ని అసలు అడగకుండా మింగేసింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఎక్కడో సరైన చోట తేలతాయిలే అనుకోవడానికి లేదు, ఎందుకంటే పెరిగినవాళ్లూ తరిగినవాళ్లూ వేరే వేరే మనుషులు. రిపోర్టులో చదువు పెరిగే కొద్దీ భాగస్వామ్యం పెరుగుతుందని ఒక అందమైన గ్రాఫ్ ఉంది. అది చదువు గ్రాఫ్ కాదు, జాబితా గ్రాఫ్. ఆ గ్రాఫ్‌ని నమ్మి ప్రోగ్రాం డబ్బంతా "చైతన్యం తక్కువున్న" కాలనీల్లో అవగాహన సదస్సులకి కేటాయించాలని ముసాయిదాలో రాసి కూడా ఉంది! సమ్మె చేసి ముఖ్యమంత్రి చేత కాగితం రాయించుకున్నవాళ్లకి అవగాహన సదస్సు.

ఏజెన్సీ వాళ్లతో మీటింగు జరిగింది. గొడవేం కాలేదు. వాళ్ల వాదనలో పస ఉంది కూడా, ఎందుకంటే విస్తృతమైన నిర్వచనం కావాలని ట్రస్టు ఇచ్చిన బ్రీఫ్‌లోనే ఉంది, వార్డు స్థాయిలో అంకెలు కావాలని కూడా ఉంది, ఆ బడ్జెట్‌కి అది అయ్యే పని కాదు. పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ 198 వార్డుల పటం మీద శాంపిల్ గీశారు, 2025 సెప్టెంబరులో ఆ కార్పొరేషనే ఐదు ముక్కలైంది, వార్డు అంకెలు ఎలాగూ కొట్టుకుపోయాయి. నాకు అర్థమైనంతవరకూ ఇందులో మోసం ఏమీ లేదు. పెద్ద అంకె అందరికీ సౌకర్యం, ప్రపోజల్‌లో బాగుంటుంది, స్లైడులో బాగుంటుంది, దాన్ని ఎవరూ ఆపి అడగరు, అంతే.

బోర్డులో ఒక పెద్దాయన మాత్రం ఆ అంకెని వదల్లేకపోయారు. "3.5 శాతం జనం కదిలితే ప్రభుత్వాలే పడిపోతాయని ఎక్కడో చదివాను, మనకి దానికి ఎన్నో రెట్లుందే" అన్నారు. ఆ 3.5 ఎరికా చెనోవెత్ అనే అమెరికన్ రాజకీయ శాస్త్రవేత్త పరిశోధన నుంచి వచ్చింది. 1900 నుంచి 2006 దాకా ప్రపంచంలో జరిగిన 323 ఉద్యమాలు చూసి చెప్పిన మాట. అవి ప్రభుత్వాల్ని దించడానికో, పరాయి పాలన వదిలించుకోవడానికో జరిగినవి, అందులో లెక్క వేసింది ఉద్యమం పతాక స్థాయిలో ఉన్నప్పుడు నిజంగా వచ్చి నిలబడ్డ జనాన్ని. ఇంట్లో సోఫా మీద కూర్చుని "అవును చేశాను" అన్నవాళ్లని కాదు. అయినా ఫ్లైఓవర్ ఆగడానికి 3.5 శాతం రాలేదు, కొన్ని వేల మంది ఒక ఆదివారం పొద్దున వచ్చారు. ఆయన నవ్వి ఊరుకున్నారు, ఒప్పుకున్నట్టో కాదో తెలీదు.

చివరికి నేనిచ్చిన నోట్‌లో కొత్త హెడ్‌లైన్ అంకె ఏదీ లేదు. అడిగారు, ఇవ్వలేదు. నెట్ తీసేసి మూడు వరసలుగా విడగొట్టాను, ఆన్‌లైన్‌లో గొంతు కలిపినవాళ్లు, డబ్బో టైమో ఇచ్చినవాళ్లు, స్వయంగా వెళ్లి నిలబడ్డవాళ్లు. ప్రతి అంకె కిందా ఎంతమందిని అడిగితే ఇది వచ్చిందో బేస్ వేశాను. లింకు శాంపిల్‌నీ ఇంటింటి శాంపిల్‌నీ కలపలేదు, పక్కపక్కన పెట్టాను, ఆ రెండింటి మధ్య తేడా చూస్తే చాలు, మిగతా వివరణ చదవక్కర్లేదు. అవకాశం వస్తే పాల్గొంటానన్నవాళ్లని విడిగా ఒక పట్టికలో వేశాను, ప్రోగ్రాం వాళ్లకి నిజానికి పనికొచ్చే మనుషులు వాళ్లే. సమ్మెలు, బంద్‌లు అన్న వరసలో సున్నా వేయకుండా "అడగలేదు" అని రాయించాను. దీని మీదే ఎక్కువ సేపు వాదన జరిగింది, పట్టికలో అలా ఖాళీ ఉంటే బాగుండదని.

వచ్చే విడతకి కొన్ని మార్పులు ఒప్పుకున్నారు. గడువు ఐదేళ్ల నుంచి ఏడాదికి తగ్గించడం, సమ్మె, గేటు ధర్నా, నీళ్ల కోసం రోడ్డు మీద కూర్చోవడం జాబితాలో చేర్చడం, సాయంత్రం ఆరు తర్వాతా ఆదివారాలూ ఇంటర్వ్యూలు చేయడం, తెలుగు, తమిళ, ఉర్దూ ప్రశ్నావళులు ముందే అచ్చు వేయించి ఇవ్వడం. సాయంత్రం ఇంటర్వ్యూలంటే ఆడపిల్లలైన ఇన్వెస్టిగేటర్లకి తిరుగు ప్రయాణం ఆటో ఖర్చు కలపాలి, ఆ లైను బడ్జెట్‌లో ఇంకా నలుగుతోంది. అవగాహన సదస్సుల ప్రతిపాదన పక్కన పెట్టారు, దాని బదులు పౌరకార్మికుల సంఘం వాళ్లని పిలిచి మాట్లాడదామని మేడమ్ అన్నారు, మధ్యాహ్నం రెండున్నరకి డ్యూటీ దిగుతారు కాబట్టి మూడు తర్వాత పెట్టమని చెప్పాను.

ట్రస్టు వెబ్‌సైటులో మాత్రం పాత అంకె ఇప్పటికీ ఉంది. తీసేయమని మెయిల్ పెట్టాం, డిజైన్ వాళ్ల దగ్గర పెండింగ్ అట.